నూరేళ్ల రాతి కార్నిస్‌ను తీసేసి జీఆర్‌సీ పెట్టడం సరైన పనేనా?

పాతగోడ
నేను బాధ్యత చూస్తున్న మూడంతస్తుల రాతి కట్టడానికి నూరేళ్లు దాటాయి. పైకప్పు అంచు వెంట ఉన్న చెక్కడపు కార్నిస్ నుంచి గత ఏడాది రెండుసార్లు పెచ్చులు ఊడి, కింద మనుషులు నడిచే దారిలో పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, అప్పటి నుంచి ఆ దారికి అడ్డంగా తాడు కట్టి ఉంచాము. మరమ్మతు కోసం పిలిపించిన గుత్తేదారు మొత్తం కార్నిస్‌ను విప్పేసి, అదే ఆకారంలో జీఆర్‌సీ ముక్కలు, అంటే గాజుపోగులు కలిపిన కాంక్రీటుతో తయారైనవి, బిగిస్తానంటున్నాడు. అది రాయికన్నా గట్టిదని, బరువు పదో వంతేనని, ఇంకో నూరేళ్లు అటువైపు చూడనక్కరలేదని అతని మాట. అతను తెచ్చిన నమూనాను వేలితో తడితే డొల్లగా మోగింది. చూపుకు మాత్రం అచ్చం రాయిలాగే ఉంది. ఈ పదార్థంతో నిజంగా పనిచేసినవాళ్లు ఇక్కడ ఉంటే, అతని మాటల్లో ఏది నిజమో, ఏది అమ్మకానికి చెప్పిన మాటో తేల్చి చెప్పమని కోరుతున్నాను.

రసమట్టం
రాయికన్నా గట్టిదన్నవాడు హామీపత్రం ఎన్నేళ్లకు రాసిస్తున్నాడో ముందు అడగండి. నూరేళ్ల మాట అక్కడ పదేళ్లకు దిగుతుంది.

అచ్చుపెట్టె
జీఆర్‌సీ ముక్కలు పోసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిని కనుక, ముందు ఆ పదార్థం ఏమిటో చెబుతాను. సిమెంటు, సన్నని ఇసుక ఇంచుమించు సమపాళ్లలో ఉంటాయి. నీరు తక్కువగా ఉంటుంది. కొంత యాక్రిలిక్ పాలిమర్ కలుపుతారు. పెద్ద కంకర అసలు ఉండదు. అచ్చులో ముందుగా గాజుపోగులు లేని పలుచని ముఖపు పొరను కొడతారు. రాయిలాంటి రంగూ గరుకుదనమూ కనబడేది ఆ పొరలోనే. అది పూర్తిగా గట్టిపడకముందే దాని వెనుక సిమెంటు ముద్దనూ, తుపాకీలాంటి పనిముట్టులో ముక్కలుగా తెగే గాజుపోగులనూ ఒకేసారి చిమ్ముతారు. ఒక్కొక్క పొర వేయగానే చిన్న రోలరుతో అదిమి గాలి బయటికి పోయేలా చేయాలి. మూడు నాలుగు పొరలు పడేసరికి మందం 12 మి.మీ. దగ్గరికి వస్తుంది. ఇలా చిమ్మి చేసినదానిలో బరువును బట్టి సుమారు 5 శాతం గాజు ఉంటుంది. ముందే గాజును కలిపేసి అచ్చులో పోసే పద్ధతి ఇంకొకటి ఉంది. దానిలో గాజు 2 నుంచి 3 శాతం చిల్లర మాత్రమే పడుతుంది, వంగే బలం కూడా తక్కువగా వస్తుంది. మీ గుత్తేదారు చేసేది చిమ్మే పద్ధతా, పోసే పద్ధతా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

డొల్లగా మోగడం లోపం కాదు. అది వెనుక ఏమీ లేని పలుచని పెంకు. మోగకపోతేనే అనుమానించాలి.

కొత్తతాపీ
ఫైబర్ అంటున్నారు కదా, నిప్పు అంటుకుంటే కాలిపోదా?

అచ్చుపెట్టె
మీరు అనుకుంటున్నది జీఆర్‌పీ. అది రెసిన్‌లో గాజుపోగులు ముంచి చేసేది, రెసిన్ కాలుతుంది. జీఆర్‌సీలో గాజును పట్టుకుని ఉండేది సిమెంటు. దానిలో కాలే పదార్థం ఆ కొద్దిపాటి పాలిమర్ మాత్రమే. పేర్లలో ఒక్క అక్షరమే తేడా కాబట్టి కొటేషన్లలో కూడా ఈ రెండూ తారుమారు కావడం నేను చూశాను.

సున్నపుచేయి
అచ్చుపెట్టె గారు పదార్థం గురించి చెప్పినది సరైనదే. కాని ప్రశ్న పదార్థం దగ్గర మొదలు కాకూడదు. పెచ్చులు రెండుసార్లు ఊడాయని మొత్తం కార్నిస్‌ను విప్పేయడం, ఒక పన్ను పుచ్చితే దవడ మొత్తం పీకించుకోవడం లాంటిది. పాత కట్టడాల పరిరక్షణకు మార్గదర్శకమైన 1964 నాటి వెనిస్ ఒప్పందం 10వ అధికరణం, సంప్రదాయ పద్ధతులు చాలవని తేలినప్పుడే, నిరూపితమైన ఆధునిక పద్ధతులను వాడవచ్చునని చెబుతుంది. మీ గుత్తేదారు సంప్రదాయ పద్ధతి ఎందుకు చాలదో చెప్పాడా? ఎన్ని రాళ్లు చెడ్డాయి, ఎందుకు చెడ్డాయి, ఎక్కడెక్కడ చెడ్డాయి అని లెక్క తీశాడా? పాత రాళ్ల మధ్య ఇనుప బందులు ఉంటే, వాటికి తుప్పు పట్టి ఉబ్బి రాయిని లోపలి నుంచి చీల్చి ఉండవచ్చు. ఆ బందులను తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టి, సున్నంతో సందులు నింపితే, మిగిలిన రాళ్లు మనకన్నా ఎక్కువ కాలం బతుకుతాయి.

పాతగోడ
లెక్క తీయలేదు. కింద నుంచి ఫొటోలు తీసుకుని వెళ్లాడు.

రసమట్టం
ఫొటో చూసి మందు రాసే వైద్యుడన్నమాట.

బరువులెక్క
నిర్మాణాల లెక్కలు చూసే మనిషిగా ఆ "పదో వంతు బరువు" దగ్గర ఆగుతాను. జీఆర్‌సీ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2,000 కిలోలు, కనుక 12 మి.మీ. పెంకు చదరపు మీటరుకు దాదాపు 24 కిలోలు తూగుతుంది. అదే 100 మి.మీ. మందం ఉన్న మామూలు కాంక్రీటు పలక 240 కిలోలు తూగుతుంది. పదో వంతు అన్నది ఆ రెండు అంకెల మధ్య పుట్టిన మాట. వెనుక ఉండే స్టీలు చట్రాన్ని అందులో కలపలేదు. మీ కార్నిస్ గోడ నుంచి 60 సెం.మీ. బయటికి, 30 సెం.మీ. ఎత్తున ఉందనుకుంటే, ముందుకు పొడుచుకొచ్చిన రాయి ఒక్కటే మీటరు పొడవుకు 400 కిలోలు దాటుతుంది. అదే ఆకారాన్ని పెంకుగా చేసి, చట్రంతో సహా తూచినా 60 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఏడో వంతు అనుకోండి. ఇది కూడా తక్కువ లాభమేమీ కాదు.

కాని ఇక్కడ చాలామంది చూడని ఒక మెలిక ఉంది. పాత రాతి కార్నిస్‌ను గోడకు ఎవరూ బోల్టులతో బిగించలేదు. రాయిలో సగానికి పైగా గోడలోపల ఉంటుంది, దాని తోక మీద పిట్టగోడ కూర్చుని ఉంటుంది. ముందుకు తూలే బరువును వెనుక నుంచి ఆ పిట్టగోడ అణచి పట్టుకుంటుంది. అంటే బరువే దాని మేకు. మీరు దాని స్థానంలో తేలికైన పెంకు పెట్టగానే మొత్తం లెక్క తలకిందులవుతుంది. ఇప్పుడు భయం కిందికి పడిపోతుందని కాదు, గాలి పైకి ఎత్తుతుందని. పైకప్పు అంచు దగ్గర గాలి లాగుడు గోడ మధ్యలో కంటే చాలా ఎక్కువ. కాబట్టి ప్రతి ముక్కనూ ఎత్తుడుకు కూడా నిలిచేలా యాంకర్లతో కట్టాలి. ఆ యాంకర్లు దిగేది నూరేళ్ల నాటి గోడలోకి. ఆ గోడ వాటిని పట్టి ఉంచగలదో లేదో, నాలుగైదు చోట్ల లాగి చూసి తెలుసుకోవాలి.

పాతగోడ గారూ, ఒక చిన్న సంగతి చెప్పండి. పెచ్చులు ఊడిన చోట పైన పిట్టగోడ ఉందా?

పాతగోడ
మంచి ప్రశ్న వేశారు, రేపు ఎక్కి చూసి చెబుతాను. ఇంతకాలం కింద నుంచే చూశాను.

గాజుపోగు
నూరేళ్ల మాట గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ పదార్థం వయసే ఇంకా నూరేళ్లు కాలేదు. మామూలు గాజుపోగులను సిమెంటులో కలిపితే అవి నిలవవు. తడి సిమెంటులోని క్షారం గాజును తినేస్తుంది. సోవియట్ దేశంలో బిర్యుకోవిచ్ బృందం తక్కువ క్షారం ఉండే సిమెంటుతో ఆ చిక్కును దాటాలని చూసింది. ఇంగ్లండులోని భవన పరిశోధన కేంద్రంలో అమిల్ మజుందార్ 1960లలో దీనికి ఎదురుదారి పట్టాడు. సిమెంటును మార్చకుండా గాజునే మార్చి, అందులో జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడు, కలిపాడు. ఆ గాజును పిల్కింగ్‌టన్ సంస్థ 1971లో సెమ్‌ఫిల్ అన్న పేరుతో బజారులోకి తెచ్చింది. నేడు క్షారానికి తట్టుకునే గాజు అనిపించుకోవాలంటే కనీసం 16 శాతం జిర్కోనియా ఉండాలి. అందుచేత ఈ పదార్థం మీద మనకున్న అనుభవం అర్ధ శతాబ్దం పైచిలుకు మాత్రమే. నూరేళ్లు అన్నది అంచనాయే గాని అనుభవం కాదు.

ఇక గట్టిదనం. చిమ్మి చేసిన జీఆర్‌సీని 28 రోజుల వయసులో వంచి చూస్తే 20 నుంచి 30 మెగాపాస్కళ్ల (పదార్థం మీద పడే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా తట్టుకుంటుంది. కాని మొదటి సన్నని బీట అంతకన్నా చాలా ముందే, 7 నుంచి 11 మెగాపాస్కళ్ల మధ్య పడుతుంది. ఆ తరువాత బలాన్ని మోసేది గాజుపోగులే. ఏళ్లు గడిచే కొద్దీ, తడి తగిలే చోట, పై అంకె దిగివచ్చి కింది అంకెకు దగ్గరవుతుంది. జిర్కోనియా ఉన్నా ఇది పూర్తిగా ఆగదు. ఒక్కొక్క పోగులో వంద నుంచి రెండు వందల సన్నని తంతువులు ఉంటాయి, వాటి మధ్య ఖాళీల్లో సున్నపు స్ఫటికాలు పెరిగి అన్నింటినీ ఒకే కడ్డీలా బిగించేస్తాయి. అంతకుముందు జారుతూ, సాగుతూ బలాన్ని పీల్చుకున్న పోగు ఇప్పుడు పుటుక్కున తెగుతుంది. మెటాకయోలిన్ (కాల్చిన తెల్లమట్టి పొడి) వంటివి కలిపి ఆ సున్నాన్ని తగ్గిస్తే ఈ ముసలితనం నెమ్మదిస్తుంది. ఇంజనీర్లకు ఇదంతా తెలుసు, కాబట్టి లెక్కలు లేత వయసు బలం మీద కాకుండా ముదిరిన బలం మీదే వేస్తారు. మీ గుత్తేదారు చూపిన కాగితంలో ఏ బలం ఉందో చూడండి.

కొత్తతాపీ
అంటే వయసు వచ్చాక అది మామూలు సిమెంటు పెంకు అయిపోతుందా?

గాజుపోగు
బలం తగ్గుతుందని ఇందాకే చెప్పాను. అంతకన్నా పెద్ద తేడా సాగుడులో వస్తుంది. లేతగా ఉన్నప్పుడు తెగకముందు ఇంచుమించు 1 శాతం దాకా సాగగలదు. ముదిరాక అందులో పదో వంతు కూడా మిగలకపోవచ్చు. ఇక అదే పెంకు తడిసి ఆరేటప్పుడు మీటరుకు 1 నుంచి 1.5 మి.మీ. దాకా పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే 0.1 నుంచి 0.15 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తలో గట్టిగా బిగించేసినా పెంకు ఓర్చుకుంటుంది. పది పదిహేనేళ్ల తరువాత అదే బిగింపు దాన్ని చీల్చేస్తుంది. పగుళ్లు కట్టినవాడి పూచీ ముగిసిన తరువాతే కనబడడానికి కారణం ఇదే.

రసమట్టం
పూచీపత్రం ముదిరే వేగం, పెంకు ముదిరే వేగం ఒక్కటే కావడం యాదృచ్ఛికమని నమ్ముతున్నాను.

గీతలపుస్తకం
గాజుపోగు గారు చెప్పినది నా అనుభవంలో అక్షరాలా జరిగింది. నేను గీతలు గీసిన ఒక కొత్త కట్టడానికి మూడు మీటర్ల ప్యానెళ్లు పెట్టించాము. చట్రానికి పెంకును కలిపే సన్నని స్టీలు కడ్డీలు వంగాలి, అందుకే వాటిని వంగే యాంకర్లు అంటారు. ఆ కడ్డీని పట్టుకునే సిమెంటు దిమ్మను పెంకు వెనుక పలుచగా, వెడల్పుగా వేయాలి. ఎవరో బలంగా ఉండాలని దిమ్మను బాగా మందంగా వేసి, కడ్డీ వంపును కూడా అందులో పూడ్చేశారు. దానితో వంగవలసిన కడ్డీ మేకులా నిలబడిపోయింది. ఎనిమిదో ఏడు సరిగ్గా ఆ దిమ్మల చుట్టూ నిలువు బీటలు వచ్చాయి. విప్పి చూస్తే గాజు సరిగ్గా ఉంది, మందం సరిగ్గా ఉంది, సిమెంటు సరిగ్గా ఉంది. బిగించిన చెయ్యి ఒక్కటే ఎక్కువ శ్రద్ధ చూపింది. అప్పటి నుంచి నేను ముందువైపు ఎంత అందంగా ఉన్నా, ఫ్యాక్టరీలో ముక్కను తిప్పించి వెనుకవైపు చూడకుండా ఒప్పుకోను.

అచ్చుపెట్టె
ఇది ఒప్పుకోక తప్పదు. 1970లలో దీనికన్నా పెద్ద పాఠం ఇంకొకటి ఉంది. రెండు పెంకుల మధ్య థర్మోకోల్ నింపి ప్యానెళ్లు చేసేవారు. బయటి పెంకు ఎండకూ వానకూ కదులుతుంటే, లోపలి పెంకు కదలదు. దానితో ప్యానెల్ విల్లులా వంగి పగిలేది. ఇప్పుడు ఒకే పెంకు, దాని వెనుక చట్రం అన్న పద్ధతే ఎక్కువగా వాడడానికి ఆ చేదు అనుభవం ఒక కారణం.

ఉలిదెబ్బ
రాయి చెక్కేవాడిగా ఇదంతా చదివాక నాకు ఒక్కటే తోస్తోంది. మా రాయికి చట్రం లేదు, కడ్డీ లేదు, దిమ్మ లేదు.

అచ్చుపెట్టె
మీ రాయి ఇప్పుడు దారిలో ఉంది కదండీ.

ఉలిదెబ్బ
రాయి పడలేదు, తుప్పు పట్టిన ఇనుము తోసేసింది. ఆ ఇనుము మీ వర్గానిదే.

గీతలపుస్తకం
గొడవ పడవలసినంత లేదు. ఈ పదార్థాన్ని దాని సొంత గుణం కోసం వాడినప్పుడు ఎంత దూరం వెళ్లగలదో చూడండి. 1977లో స్టుట్‌గార్ట్ ఉద్యాన ప్రదర్శన కోసం ఇంజనీరు యోర్గ్ ష్లైఖ్ 31 మీటర్ల వెడల్పును దాదాపు 10 మి.మీ. మందం ఉన్న జీఆర్‌సీ పెంకుతో కప్పాడు. బాకూలో జాహా హదీద్ చేసిన హైదర్ అలియెవ్ కేంద్రం, జొహానెస్‌బర్గ్ సాకర్ సిటీ స్టేడియం, లాస్ ఏంజిలిస్‌లో 2015లో తెరిచిన బ్రాడ్ మ్యూజియం ముసుగు, పారిస్‌లోని లూయి వితాఁ ఫౌండేషన్ తెల్లని గోడలు, ఇవన్నీ ఇదే కుటుంబం.

గాజుపోగు
చివరిది కాదు. లూయి వితాఁ ఫౌండేషన్‌కు వాడిన 19,000 పలకలు డక్టల్ అన్న అత్యధిక బలం గల కాంక్రీటుతో చేసినవి. అందులో పోగులు ఉన్నాయి గాని గాజువి కావు. బాకూలో కూడా నేల దగ్గర, అడుగు పడే చోట జీఆర్‌సీ, పైన వంపు తిరిగే పెంకుకు మనం ఇందాక మాట్లాడుకున్న జీఆర్‌పీ వాడారు.

గీతలపుస్తకం
సరిదిద్దినందుకు కృతజ్ఞతలు, పొరపాటు నాదే.

సున్నపుచేయి
ఆ పేర్లన్నీ కొత్త కట్టడాలవి. కొత్త కట్టడంలో పెంకు పెంకులాగే ఉంటుంది, నాకు ఏ అభ్యంతరమూ లేదు. పాత కట్టడంలో అది రాయిలా నటించాలి, చిక్కు అక్కడే. నటన ఎండలో బాగానే సాగుతుంది. వాన పడినప్పుడు మాత్రం మెత్తని రాయి నీరు పీల్చి ముదురు రంగుకు తిరుగుతుంది, పక్కనున్న జీఆర్‌సీ అలా పీల్చదు కనుక లేతగానే మిగులుతుంది. వాన వెలిసి రాయి ఆరేదాకా, ఎక్కడెక్కడ అతుకు వేశారో దారిన పోయేవాడికి కూడా తెలుస్తుంది. ఇరవై ఏళ్ల మురికి పట్టే తీరు కూడా రెండింటికీ వేరు.

రసమట్టం
వెనిస్ ఒప్పందం 12వ అధికరణం కొత్తగా పెట్టిన భాగం మొత్తంలో పొసగాలి, అయినా అసలుదాని నుంచి వేరుగా గుర్తించగలగాలి అంటుంది కదా. ఎండలో పొసిగి, వానలో వేరుపడితే అధికరణాన్ని అంతకన్నా బాగా అమలు చేసినవారు ఎవరున్నారు?

సున్నపుచేయి
నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. అయినా నా మాట మీదే ఉన్నాను.

పాతగోడ
ఈ రోజు నిచ్చెన కట్టించి పైకి ఎక్కాను. బరువులెక్క గారు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది, అది నేను ఊహించినది కాదు. మొత్తం కార్నిస్‌లో 40 రాళ్లు ఉన్నాయి. అందులో 31 రాళ్ల మీద పాత పిట్టగోడ చెక్కుచెదరకుండా ఉంది, ఆ రాళ్లు కూడా అంచులు కొంచెం అరగడం తప్ప బాగానే ఉన్నాయి. ఒక పక్క వరుసగా ఉన్న తొమ్మిది రాళ్ల మీద మాత్రం పిట్టగోడ లేదు. ఎప్పుడో దాన్ని కూల్చి గొట్టపు రెయిలింగ్ పెట్టారు. పెచ్చులు ఊడినవి ఆ తొమ్మిదిలోనివే. అవి ముందుకు ఒరిగాయని మట్టం పెట్టి చూడకుండానే కంటికి తెలుస్తోంది. రాళ్ల వెనుక సందులోంచి వాననీరు దిగిన చారలు కూడా ఉన్నాయి. రెండు రాళ్ల మధ్య తుప్పు పట్టిన బందు పైకి కనబడుతోంది.

బరువులెక్క
అనుమానించింది అదే. కార్నిస్ చెడలేదు, దాని మేకును ఎవరో పీకేశారు. రెయిలింగ్ పెట్టినవారికి ఆ పిట్టగోడ అడ్డుగోడగానే కనబడి ఉంటుంది. మొత్తం విప్పేయవలసిన అవసరం ఇక లేదు. విప్పితే సక్రమంగా ఉన్న 31 రాళ్లను కూడా మీరే పాడుచేసినవారవుతారు. తాడును మాత్రం ఆ తొమ్మిది రాళ్ల కింద ఇంకా వెడల్పుగా కట్టించి, వీలైతే ఈ వారమే వాటికి పైనుంచి ఊతం పెట్టించండి.

ఉలిదెబ్బ
పిట్టగోడ మళ్లీ కట్టి, తొమ్మిది రాళ్లు కొత్తగా చెక్కించి పెడితే కథ ముగిసింది.

సున్నపుచేయి
నా ఓటు కూడా దానికే.

పాతగోడ
నాకూ అదే సబబుగా తోచింది. కాని ఆ తొమ్మిది రాళ్ల కింద గోడలో వెడల్పాటి కిటికీలు నాలుగు ఉన్నాయి. వాటిపై ఉన్న పాత ఇనుప దూలాలకు తుప్పు పట్టి రాతి తొడుగు చీలింది. మా ఇంజనీరు చూసి, దూలాలు మార్చకుండా కొత్త రాయి బరువూ పిట్టగోడ బరువూ వాటి మీద పెట్టనివ్వనన్నారు. దూలాలు మార్చాలంటే కింది అంతస్తు గోడను కూడా విప్పాలి. ఆ పని ఇప్పట్లో మాకు సాధ్యం కాదు.

బరువులెక్క
అయితే ఆ తొమ్మిది రాళ్ల మేరకు జీఆర్‌సీ న్యాయమైన సమాధానం. తేలిక అన్న గుణానికి అక్కడ నిజంగా పని ఉంది. చట్రాన్ని పాత గోడకు కాకుండా వెనుకనున్న పైకప్పు స్లాబుకు కట్టించండి. అప్పుడు దూలాల మీద దాదాపు ఏ బరువూ పడదు. గాలి ఎత్తుడు కూడా స్లాబే చూసుకుంటుంది.

గీతలపుస్తకం
అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ 1988లో ప్రత్యామ్నాయ పదార్థాల గురించి వెలువరించిన, పాత కట్టడాల పరిరక్షణ మీది పుస్తికల వరుసలోని 16వ సంచికలో ఇక్కడ పనికొచ్చే మాట ఒకటి ఉంది. కొత్త పదార్థం చూపుకు పాతదానితో కలవాలి. భౌతిక గుణాల్లో కూడా దగ్గరగా ఉండాలి, లేదా ఆ తేడాను ఓర్చుకునేలా దాన్ని అమర్చాలి. ఆపైన చాలాకాలం నిలవాలి. మీ పనిలో రెండో షరతే ముఖ్యం. రాయికి పెంకుకు మధ్య సందును సిమెంటుతో పూడ్చకండి. మూడు మీటర్ల ముక్క 3 నుంచి 4 మి.మీ. పైగా కదలవచ్చు కాబట్టి, ఆ కదలికను మింగే సీలంటు, అంటే సందులో నింపే సాగే ముద్ద, పెట్టించండి. సీలంటు కూడా రాతికి మరక చేయని రకం కావాలి, లేకపోతే సందు చుట్టూ నూనె చార పడుతుంది. ముక్కల పొడవు కూడా పాత రాళ్ల పొడవే ఉండనివ్వండి. సందులు తగ్గించాలని రెండు రాళ్లకు ఒక ముక్క పోస్తామంటారు, ఒప్పుకోవద్దు. అప్పుడు కదలికా పెరుగుతుంది, పాత సందుల లయా పోతుంది.

అచ్చుపెట్టె
డొల్ల కార్నిస్ లోపల నీరు నిలవకుండా అడుగున చిన్న రంధ్రాలు, పక్షులు దూరకుండా వాటికి జాలి పెట్టించండి. పైన నీరు వెనక్కి పారకుండా సీసపు రేకో, మరో రేకో కప్పించాలి. యాంకర్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. పాత రాయి ఎందుకు చీలిందో చూశారు కదా, ఆ తప్పును మనం తిరిగి చేయకూడదు.

కొత్తతాపీ
ఫ్యాక్టరీలో గాజు చెప్పినంత వేశారో లేదో మనకు ఎలా తెలుస్తుంది? పోసిన తరువాత లోపల ఏముందో కనబడదు కదా.

అచ్చుపెట్టె
ప్రతి రోజూ అసలు ముక్కలతో పాటు అదే తుపాకీతో, అదే మనిషి చేత ఒక పలకను కూడా చిమ్మించాలి. అది తడిగా ఉండగానే కొంత ముక్క కోసి, సిమెంటును నీటితో కడిగేసి, మిగిలిన గాజును ఆరబెట్టి తూస్తారు. మిగతా పలక నుంచి పట్టీలు కోసి, గడువు నిండాక వంచి చూస్తారు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1170లో ఈ రెండు పరీక్షలూ ఉన్నాయి. పని మొదలయ్యే ముందు తుపాకీ నుంచి పడే గాజును కొద్ది సెకన్లపాటు సంచిలోకి, ముద్దను బకెట్టులోకి పట్టి తూచి, పాళ్లు సరిచూస్తారు. ఈ రాతలు ఉన్న పుస్తకం చూపమని అడగండి. చూపించడానికి తటపటాయించే ఫ్యాక్టరీ మీకు వద్దు.

గాజుపోగు
మందం కూడా చూడాలి. చదునైన చోట 12 మి.మీ. తప్పకుండా వస్తుంది. చెక్కడపు మడతల్లో, లోతైన మూలల్లో రోలరు దూరదు, అక్కడ పొర పలుచబడుతుంది, లేదా గాజు లేని ఉత్త ముద్ద చేరుతుంది. పగులు మొదలయ్యేది ఆ మూలలోనే.

రసమట్టం
ఇంత చదివాక మా పెరటి గోడ మీద ఉన్న జీఆర్‌సీ పూలకుండీని అనుమానంగా చూడడం మొదలుపెట్టాను.

పాతగోడ
నిర్ణయం చేశాము. 31 రాళ్లు అలాగే ఉంటాయి. బందులు మార్చి, సున్నంతో సందులు నింపి, పిట్టగోడ మీద నీరు దిగకుండా కప్పు వేస్తారు. తొమ్మిది రాళ్ల స్థానంలో జీఆర్‌సీ వస్తుంది, చట్రం స్లాబుకు ఉంటుంది. మొదటి గుత్తేదారు ఈ పని చిన్నదైపోయిందని తప్పుకున్నాడు. వేరే ఫ్యాక్టరీ వారు నమూనా ముక్కను గోడ మీద పెట్టి, తడిపి, ఆరబెట్టి చూపిస్తామన్నారు, పరీక్షల పుస్తకం కూడా అడగగానే తెచ్చారు. ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఒక్కటే. అచ్చు ఏ రాయి మీద తీయాలి? అరిగిపోయిన రాయి మీద తీస్తే అరుగుదల కూడా అచ్చులోకి వస్తుంది. తొమ్మిది ముక్కలూ ఒకే చోట ఒకే తీరుగా అరిగినట్టు కనబడితే నవ్వుతారు.

అచ్చుపెట్టె
అరుగుదల తక్కువగా ఉన్న రాయి మీద సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, దానితో ఒక ప్లాస్టర్ నమూనా పోయించండి. అరిగిన అంచులను ఆ నమూనా మీద పదును చేసి, దాని మీద అసలు అచ్చు తీయాలి. రాయికి అచ్చు పదార్థం అంటుకోకుండా వాడే పూత మరక చేస్తుందేమో ముందు కనబడని చోట పరీక్షించండి.

ఉలిదెబ్బ
ఆ ప్లాస్టర్ నమూనా మీద పదును చేసే పని మీకు తెలిసిన రాతి పనివాడి చేత చేయించండి, అచ్చుల ఫ్యాక్టరీ కుర్రాడి చేత కాదు. అసలు ఉలి గీత ఎక్కడైనా చూడాలంటే, పక్క గోడ నీడలో, వాన తగలని మూల రాయిని వెతకండి. ఆ రాయి కింది అంచులో నూరేళ్ల కిందటి ఉలి పళ్ల గుర్తులు ఇంకా ఉండవచ్చు. విప్పిన తొమ్మిది రాళ్లను మాత్రం పారేయవద్దు. మీ కిటికీ దూలాలు ఎప్పుడో ఒకనాడు మారతాయి.

పాతగోడ
మీరు చెప్పినట్టే వెతికాను. వాన తగలని మూలలో ఇరవై రెండో రాయి దొరికింది, కింది అంచున వేలితో తడిమితే గీతలు తగులుతున్నాయి. అచ్చు దాని మీదే తీస్తారు. విప్పబోయే తొమ్మిది రాళ్ల వెనుక సుద్దతో వరుస సంఖ్యలు వేయించాను, అవి మెట్ల కింది గదిలో ఉంటాయి. జీఆర్‌సీ ముక్కల వెనుక పోసిన తేదీ తడి మీదనే గీయమని కూడా చెప్పాను.